మూతపడిన పుస్తకాల షాపులు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ముందుగా ఒక మనవి. మేము మాట్లాడే తెలుగు కొంత అమ్మ దగ్గర విన్నది, కొంత యాభై ఏళ్ళు దాటిన తర్వాత మన సాయంకాలపు తరగతిలో పలక పట్టి నేర్చుకున్నది. "మేము" అనడం గొప్ప కోసం కాదు. ఒకే రబ్బరు తోటలో పుట్టి, ఒకే బడిలో చదివి, జోహోర్ బారులో బడిపంతుళ్ళమైన ముగ్గురు స్నేహితుల తరపున మాట్లాడుతున్నాం. మిగిలిన ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు. తప్పులు దొర్లితే వాళ్ళనీ కలిపి మన్నించండి.

కార్యదర్శిగారు మాకు "పాత జ్ఞాపకాలు" అనే విషయం ఇచ్చారు. తోట సంగతులు చెబుతామని అనుకుని ఉంటారు. తోట సంగతులు చెప్పడానికి మాకన్నా పెద్దలు ఇక్కడ ఉన్నారు. మేము షాపింగ్ కాంప్లెక్సుల్లో ఒకప్పుడుండి, ఇప్పుడు లేకుండా పోయిన పుస్తకాల షాపుల గురించి చెప్పదలచుకున్నాం. దానికీ తెలుగుకూ సంబంధమేమిటి అని అడగవచ్చు. సంబంధం ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

మా తాత 1920లలో విశాఖపట్నం జిల్లా నుండి కంగాణీ వెంట ఓడెక్కి వచ్చాడు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసను ఆపేసింది. మా లైనిళ్ళలో తెలుగు అక్షరం ఉన్న వస్తువు ఏదంటే, తాత ట్రంకుపెట్టెలోని పెద్దబాలశిక్ష ఒక్కటే. తాత పోయిన తర్వాత దానిని చదవగలిగినవారు ఇంట్లో లేరు. అయినా నాయనమ్మ ఏటా సంక్రాంతినాడు దానిని తీసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ గుడ్డలో చుట్టి దాచేది. పిల్లలం వరసగా నిలబడి దండం పెట్టేవాళ్ళం. లోపల ఏముందో మాకు తెలియదు.

మేము మొదటిసారి పెద్ద పుస్తకాల షాపు చూసింది 1972లో. అప్పటికి మాకు పన్నెండేళ్ళు. మా నాన్న మా ముగ్గురినీ కాజ్‌వే దాటించి సింగపూరులో స్టాంఫర్డ్ రోడ్డు మీదున్న ఎం.పి.హెచ్. భవనానికి తీసుకువెళ్ళారు. ఆ సంస్థ 1890లో మెథడిస్టు మిషనరీల అచ్చుయంత్రంతో మొదలైంది. ఆ భవనం 1908 నాటిది. ఆ రోజుల్లో మన డబ్బు, సింగపూరు డబ్బు ఒకటికి ఒకటి చెల్లేవి. 1973లో ఆ సౌకర్యం పోయింది. నాన్న ముగ్గురికీ కలిపి ఒక్క ఇంగ్లీషు నిఘంటువు కొన్నారు. వారానికి ఒకరి ఇంట్లో ఉండాలని ఒప్పందం. ఆ నిఘంటువు వల్లనే మేము పంతుళ్ళమయ్యామని ఇప్పటికీ చెప్పుకుంటాం.

తర్వాత షాపింగ్ కాంప్లెక్సుల కాలం వచ్చింది. 1978లో ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాలో టైమ్స్ పుస్తకాల షాపు తెరిచారు. చల్లని గాలి, మెరిసే దీపాలు, మెట్లు ఎక్కకుండానే పైకి తీసుకుపోయే ఎస్కలేటరు. తోటపిల్లలకు అది ఇంద్రలోకం. కాని అప్పట్లో చాలా షాపుల్లో పుస్తకాలకు ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉండేది. అట్ట చూడాలి, వెనక నాలుగు వాక్యాలు చదవాలి, లోపల ఏముందో ఊహించుకోవాలి. ఏ పుస్తకం చూసినా మాకు మా నాయనమ్మ గుడ్డమూట గుర్తుకొచ్చేది.

1997లో ఆర్చర్డ్ రోడ్డులోనే, శంఖువు ఆకారంలో అద్దాల గోపురమున్న వీలాక్ ప్లేసులో, బోర్డర్స్ అనే అమెరికా షాపు వచ్చింది. అక్కడ పుస్తకాలకు ప్లాస్టిక్ చుట్టలేదు. తీసుకోవచ్చు, తెరవవచ్చు, కూర్చుని చదువుకోవచ్చు. "కొంటారా?" అని అడిగేవారు లేరు. మొదటి రోజు మాకు భయం వేసింది. ఎవరైనా వచ్చి పుస్తకం లాక్కుంటారేమోనని అటూ ఇటూ చూస్తూ చదివాం. మూడోసారి వెళ్ళేసరికి ధైర్యం వచ్చింది. నెల జీతం అందిన తర్వాత వచ్చే శనివారం పొద్దున్నే 170 నెంబరు బస్సు ఎక్కడం, రెండు చోట్ల పాస్‌పోర్టు చూపించడం, సాయంత్రం దాకా అక్కడే ఉండడం మాకు అలవాటైపోయింది. ఇంట్లో ఆడవాళ్ళు "గుడికి వెళ్ళినా ఇంత నిష్ఠగా వెళ్ళరు" అనేవారు.

ఈ షాపుల పుట్టుక గురించి రెండు మాటలు. అమెరికాలో ఊళ్ళు శివార్లకు పెరిగి, పెద్ద పెద్ద షాపింగ్ మాల్‌లు కట్టినప్పుడు, వాటిలోకి పుస్తకాలు కూడా వెళ్ళాయి. వాల్డెన్‌బుక్స్ 1933లో పుస్తకాలు అద్దెకిచ్చే వ్యాపారంగా మొదలై, 1962లో అమ్మకం షాపు తెరిచింది. బి. డాల్టన్ 1966లో వచ్చింది. చెప్పుల షాపుకూ బట్టల షాపుకూ మధ్య ఒక పుస్తకాల షాపు. పుస్తకం కొనాలని ఇల్లు బయలుదేరనివారు కూడా దారిలో ఆగి ఒకటి పట్టుకునేవారు. అదే వాటి గొప్పతనం. పుస్తకం పండితుల వీధి నుండి సంతలోకి వచ్చింది.

బోర్డర్స్‌ను 1971లో మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ అనే విశ్వవిద్యాలయపు ఊరిలో టామ్, లూయిస్ అనే అన్నదమ్ములు పెట్టారు. కె-మార్ట్ కంపెనీ 1984లో వాల్డెన్‌బుక్స్‌ను, 1992లో బోర్డర్స్‌ను కొన్నది. 1995లో అవి విడిగా ఒక కంపెనీ అయ్యాయి. షాపులు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, అప్పులు పెరిగాయి. 2001లో బోర్డర్స్ తన ఇంటర్నెట్ అమ్మకాలను అమెజాన్ చేతికి అప్పగించింది. 2008లో గాని సొంతంగా తిరిగి మొదలుపెట్టలేదు. పొరుగింటివాడికి పెరటి తలుపు తాళం ఇచ్చి, తాను వీధి అరుగు మీద కూర్చున్నట్టయింది. 2011 ఫిబ్రవరిలో దివాలా పిటిషను వేసింది. జూలైలో మిగిలిన 399 షాపులూ మూసేయాలని నిర్ణయమైంది. పదివేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వాల్డెన్‌బుక్స్ కూడా దానితోనే పోయింది. బి. డాల్టన్ అంతకుముందే, 2010 మొదట్లోనే ముగిసింది.

సింగపూరులోని బోర్డర్స్‌కు అప్పటికి యజమాని అమెరికా కంపెనీ కాదు, ఆస్ట్రేలియా కంపెనీ. అదీ ఆ సంవత్సరమే కుప్పకూలింది. 2011 ఆగస్టులో వీలాక్ ప్లేసు షాపు మూతపడింది. తర్వాతి సెలవుల్లో మేము వెళ్ళేసరికి తలుపులు వేసి ఉన్నాయి. ముగ్గురం ఆ తలుపుల ముందు చాలాసేపు నిలబడ్డాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత 2012లో వివోసిటీలోని పేజ్ వన్ మూతపడింది. 2019లో సింగపూరులో ఎం.పి.హెచ్. చివరి షాపులు మూతపడ్డాయి. 2024 సెప్టెంబరులో టైమ్స్ చివరి షాపు కూడా మూతపడింది. మేము చిన్నప్పుడు చూసిన ఇంద్రలోకంలో మిగిలింది కొంచెమే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ తలుపుల ముందు మేము ఒకరి మొహం ఒకరు ఎందుకు చూసుకోలేదు? దుఃఖం వల్ల మాత్రమే కాదు, సిగ్గు వల్ల. చివరి నాలుగైదేళ్ళు మేము అక్కడ ఏం చేశామో మాకు తెలుసు. పుస్తకం తీసేవాళ్ళం, సగం చదివేవాళ్ళం, ధర చూసేవాళ్ళం. సింగపూరు డాలరు రెండు రింగిట్లు దాటింది కదా అని మళ్ళీ అరలో పెట్టేవాళ్ళం. పుస్తకం పేరు చీటీ మీద రాసుకుని, ఇంటికి వచ్చి కంప్యూటరులో చవకగా తెప్పించుకునేవాళ్ళం. పుస్తకాలు తడిమినందుకు, చల్లగాలి పీల్చినందుకు, కుర్చీలో కూర్చున్నందుకు ఆ షాపుకు మేమిచ్చింది కాఫీ డబ్బులు. ఆ షాపును మేము ప్రేమించలేదా అంటే, ప్రాణంగా ప్రేమించాం. కాని ప్రేమతో అద్దె కట్టలేరు. అద్దె కంపెనీ అప్పులు పెంచింది నిజమే, ఇంటర్నెట్ ముంచింది నిజమే. మా చీటీలూ ఉన్నాయి.

ఇప్పుడు తెలుగు సంగతికి వస్తాం.

2009లో ఒక శనివారం మా తమ్ముడి కూతురిని బోర్డర్స్‌కు తీసుకువెళ్ళాం. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. భాషలు నేర్పే పుస్తకాల అర దగ్గర నిలబడి ఒక్కొక్క అట్టా చదివింది. ఫ్రెంచి ఉంది, జపాను భాష ఉంది, అరబ్బీ ఉంది. అంతా చూసి, "పెదనాన్నా, మన భాష ఎక్కడ?" అని అడిగింది. అంత పెద్ద షాపులో మన భాష లేదు. అది షాపువాళ్ళ తప్పు కాదు, అడిగేవాళ్ళుంటే తెప్పిస్తారు. మేము అన్నేళ్ళు వెళ్ళి ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్ల అడిగేదాకా, లేదని కూడా మాకు తోచలేదు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందుకే సాయంకాలపు తరగతిలో చేరాం. 2014 డిసెంబరు సెలవుల్లో తాత పుట్టిన జిల్లా చూసి, విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల షాపులు తిరిగి, రెండు పెట్టెల నిండా పుస్తకాలు తెచ్చాం. 1947లో మొదలైన చందమామ అప్పటికి కొత్తగా రావడం లేదు. పాత సంచికలు దొరికినన్ని తెచ్చాం. ఈ హాలు పక్క గదిలో ఉన్న ఇనుప బీరువా అలా నిండింది. తర్వాత మీలో చాలామంది కూడా తెచ్చి ఇచ్చారు. ఇప్పుడు అందులో మూడు వందలకు పైగా పుస్తకాలున్నాయి.

మొన్న రిజిస్టరు తీసి చూశాం. గత సంవత్సరం మొత్తం మీద పుస్తకం తీసుకువెళ్ళినవారి సంతకాలు పద్నాలుగు. అందులో తొమ్మిది మా ముగ్గురివే. కాని సరస్వతీ పూజనాడు బీరువాకు పూలదండ వేయని సంవత్సరం లేదు. పసుపు, కుంకుమ, హారతి, ఫొటోలు. దండ వేస్తున్నప్పుడు మాకు నాయనమ్మ ట్రంకుపెట్టె కళ్ళ ముందు కనిపించింది. నాయనమ్మకు చదువు రాదు, ఆమె చేయగలిగింది అదే, అది గౌరవమే. మనకు చదువు వచ్చు. మనం కూడా అదే చేస్తే, ఇంకో తరానికి ఆ గుడ్డమూట మాత్రమే మిగులుతుంది.

ఆ గదిలో కుర్చీలు సర్దుకోవాలని, బీరువాను మేడ మీద సామాను గదికి మార్చాలని ఒక ప్రతిపాదన ఉన్నది. కమిటీవారిని తప్పు పట్టడం లేదు. ఎవరూ తెరవని బీరువాకు నేల అద్దె ఎందుకని వారు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. వచ్చే నెల సమావేశంలో నిర్ణయం చేస్తారు.

నిరాశ పడనక్కరలేదు. అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ కూడా బోర్డర్స్ దారినే పోతుందని చాలామంది అనుకున్నారు. 2019లో యజమానులు మారారు. లండనులో సొంత పుస్తకాల షాపులు పెట్టి నడిపిన జేమ్స్ డాంట్ అనే ఆయన పెత్తనం తీసుకున్నారు. ఏ ఊరి షాపులో ఏ పుస్తకం ముందు పెట్టాలో ఆ ఊరివాళ్ళే చూసుకోవాలన్నారు. ఆ తర్వాత ఆ కంపెనీ మళ్ళీ కొత్త షాపులు తెరిచింది. దీనిలో మనకు ఒక పాఠముంది. ఇన్నాళ్ళూ బీరువాలో ఏ పుస్తకం ఎదుట ఉండాలో మేము ముగ్గురం ముసలివాళ్ళమే నిర్ణయించాం. పై అరలో శతకాలు, వ్యాకరణం పెట్టాం. చందమామలు కింద, వంటల పుస్తకాలు వెనక పెట్టాం. అది మా పొరపాటు. ఈ రోజు నుండి ఎదుటి అర సర్దే పని పిల్లలకు అప్పగిస్తున్నాం.

ఆ రోజు "మన భాష ఎక్కడ?" అని అడిగిన అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఈ హాలులోనే వెనక వరసలో కూర్చున్నది. మేము తెలుగు నేర్చుకున్నాం గాని, అడిగిన దానికి నేర్పలేదు. దాని బడి, దాని పరీక్షలు, మా తీరిక లేకపోవడం, ఏవో కారణాలు. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా చెబుతున్నాం. మన భాష పక్క గదిలో ఉంది. వచ్చే మంగళవారం ఏడు గంటలకు నీ పక్కన కూర్చుని మొదటి పుట మేమే చదివిపెడతాం.

పెద్దలారా, ఈ రోజు మేము చందా అడగడం లేదు, కొత్త పుస్తకాలు తెమ్మని అడగడం లేదు. తలకొక పుస్తకం ఇంటికి తీసుకువెళ్ళండి. తెలుగు చదవడం రానివారు బొమ్మలున్నది తీసుకువెళ్ళండి, వచ్చినవారి చేత చదివించుకోండి. నెల రోజుల్లో తిరిగి తెచ్చి మరొకటి తీసుకోండి. కమిటీ సమావేశంలో మా ప్రసంగం కన్నా ఆ రిజిస్టరులో మీ సంతకాలే బాగా మాట్లాడతాయి.

బీరువా తాళంచెవి ఇదిగో, మా చొక్కా జేబులో ఉంది. భోజనాలు అయ్యేదాకా తలుపులు తెరిచే ఉంచుతాం.