మండువేసవిలో క్రిస్మస్
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను ఆస్ట్రేలియా అనుభవాలు చెప్పమన్నారు. అందులో ఒక్క ముచ్చట చెప్పి కూర్చుంటాను.

2024 జూలైలో మా ఇంటావిడ కాలం చేసింది. ఒంటరివాణ్ణయ్యానని మా అబ్బాయి నవంబరులో నన్ను మెల్బోర్న్ తీసుకువెళ్లాడు. అది దక్షిణార్ధగోళం కనుక మన చలికాలం వారికి ఎండాకాలం. డిసెంబరు నెలాఖరున రాత్రి ఎనిమిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది. మనకు ధనుర్మాసం నడుస్తుండగా నేను అక్కడ మామిడిపండ్లు తిన్నాను! ఇంత ఎండలోనూ గ్రీటింగు కార్డుల మీద మాత్రం మంచు, ఉన్ని దుస్తుల తాతయ్య. ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారు వెంట తెచ్చుకున్న పండుగ కదా. రుతువు మారినా బొమ్మ మారలేదు.

మా అబ్బాయి పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ, ఆమె కూతురు, అల్లుడు, మనుమలు ఉంటారు. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఆవిడ స్వయంగా వచ్చి పిలిచింది. మా అబ్బాయి సందేహించాడు. “నాన్నగారూ, మనకు ఏటి సూతకం కదా, పండుగ పిలుపుకు వెళ్లవచ్చునా?” అన్నాడు. “పండుగ వారిది. పెద్దావిడ గుమ్మం ఎక్కి పిలిచింది. వెళ్లి కూర్చుని వద్దాం” అన్నాను.

అక్కడ పిలిచినవారి ఇంటికి తలా ఒక వంటకం పట్టుకువెళ్లడం మర్యాద. మా కోడలు నిమ్మకాయ పులిహోర చేసింది. పెరట్లో చెట్టు నీడన పొడుగాటి బల్ల వేశారు. చూడగానే మన కార్తీక వనభోజనాలు గుర్తుకు వచ్చాయి. వారికి చల్లని మాంసం, రొయ్యలు. నాకు కాల్చిన బంగాళాదుంపలు, గుమ్మడికాయ ముక్కలు బల్లకు ఒక చివర విడిగా, వేరే గరిటెతో పెట్టారు. నేను ఏమీ అడగలేదు, వారే తెలుసుకుని చేశారు.

పెద్దావిడ నన్ను ఊరికే కుర్చీలో కూర్చోబెట్టలేదు. గిన్నె చేతికిచ్చి బఠాణీలు ఒలవమంది. రిటైరైన తరువాత నాకు ఒకరు పని పురమాయించడం అదే మొదలు! తరువాత కాగితపు గొట్టాలు పంచారు. ఇద్దరు చెరో కొస పట్టి లాగితే టప్పుమని పేలి, లోపలి నుంచి కాగితపు కిరీటం వస్తుంది. 1840ల్లో లండన్‌లో ఒక మిఠాయిల వ్యాపారి మొదలుపెట్టిన సరదా అది. చిన్నా పెద్దా అందరూ పెట్టుకోవలసిందే. నా బట్టతల మీదా ఒకటి వెలిసింది.

భోజనానికి ముందు పెద్దావిడ గ్లాసు పట్టుకుని లేచి నిలబడింది. బల్ల దగ్గర లేనివారిని తలచుకోవడం వారి ఆచారం. తన భర్త పేరు చెప్పింది, తమ్ముడి పేరు చెప్పింది. నా వైపు తిరిగి, “మీ భార్య పేరేమిటి?” అని అడిగింది. చెప్పాను. నోరు తిరగక రెండుసార్లు నన్ను అడిగి సరిచేసుకుంది. అప్పుడు అందరూ కలిసి ఆ పేరు పలికారు.

నేను బాధపడతానని అయిదు నెలలుగా మనవాళ్లెవరూ ఆ పేరు నా ఎదుట ఎత్తలేదు. పరాయి దేశంలో, మన భాష రానివారి నోట విన్నాను. కళ్లు తుడుచుకుని పులిహోర వడ్డించాను.

మూడు రోజుల తరువాత మెల్బోర్న్ మైదానంలో మన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ చేశాడు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న ఆ తండ్రి కంటతడిని అందరూ టీవీలో చూశారు. ప్రహరీ అవతలి నుంచి పెద్దావిడ చప్పట్లు కొట్టి, “మీవాడే కదా!” అంది.

ఆ ఊరి సంగతి మరొకటి. 1937 క్రిస్మస్ ముందు రాత్రి నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో అనౌన్సరు పని ముగించి ఇంటికి వెళుతున్నాడు. ఒక కిటికీలో ముసలావిడ ఒంటరిగా, కొవ్వొత్తి వెలుగులో, రేడియోతో గొంతు కలిపి పాడుకుంటూ కనిపించింది. ఆమెలాంటి ఒంటరివారు ఎందరున్నారో అనుకుని 1938లో ఉద్యానవనంలో అందరూ కలిసి కొవ్వొత్తులతో పాడే కార్యక్రమం పెట్టాడు. అది నేటికీ ఏటా జరుగుతోంది. దాని ద్వారా వచ్చే విరాళాలు అంధుల సేవకు వెళతాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన సంఘంలోనూ అలాంటి కిటికీలు ఉన్నాయి. సభ్యుడు పోతే పెద్దకర్మకు వెళతాం. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు దగ్గరుండి పూర్తిచేయిస్తాం. మంచి పనే. ఆ తరువాత? ఏడాది పాటు పండుగ చేసుకోకపోవడం మన ఆచారం. దానిని నేను కాదనను. కాని పండుగ లేని ఇంటికి మనిషి కూడా వెళ్లకూడదని ఏ ఆచారమూ చెప్పలేదు. భర్త పోయిన ఆడవారి సంగతి మరీ కష్టం. ఏడాది గడిచినా పేరంటానికి పిలుపు రాదు.

కనుక నాదొక మనవి. ఈ సంక్రాంతికి ఇద్దరిద్దరుగా అలాంటి ఇళ్లకు వెళదాం. బట్టలు, మిఠాయిలు అక్కర్లేదు. ఒక గంట కూర్చుందాం. పోయినవారి పేరు పలుకుదాం, వారి ముచ్చట్లు అడుగుదాం. వచ్చేటప్పుడు సంఘం పని ఏదో ఒకటి వారికి అప్పగించి వద్దాం. ఇది జాలి కాదు. మన బల్ల దగ్గర వారి చోటు వారికి ఉంచడం.

జాబితా కార్యదర్శిగారి దగ్గర ఉంది. మొదటి పేరు నేను రాశాను. రెండవవారు కావాలి.