బాగానే ఉన్నామని మాత్ర మానవద్దు



పక్షవాతం వచ్చిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడల్లా వినబడే మాట ఒకటుంది: "నిన్నటి వరకు బాగానే ఉన్నాడు." ఆ ఇళ్ళలో మేము మరో ప్రశ్న అడుగుతూ వచ్చాము: బీపీ చివరిసారి ఎప్పుడు చూపించారు? చాలాచోట్ల జవాబు రాలేదు. ఒక దర్జీ సోదరుని భార్య మాత్రం అలమారాలోంచి సగం వాడిన మాత్రల పట్టీ తీసి చూపింది. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆయన మానేశాడట. ఇప్పుడు కుడిచేయి లేవదు. కుట్టుమిషను మూలన పడింది, కొడుకు చదువు ఆగింది.

రక్తపోటుకు సాధారణంగా నొప్పి ఉండదు. ఏళ్ళ తరబడి అది మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తూ పోతుంది. ఒకనాడు నాళం పూడుకుపోతుంది, లేదా చిట్లుతుంది. 22 దేశాల్లో జరిపిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2010లో వెలువడింది. పక్షవాతం ముప్పులో సుమారు 90 శాతాన్ని అది పది కారణాలకు ముడిపెట్టింది. అన్నిటికంటే ముందున్నది అధిక రక్తపోటే. పొగ, మధుమేహం, తిండి, కదలిక లేని బతుకు ఆ తరువాతివి. వీటిని విధిరాత అనుకోవడం న్యాయం కాదు.

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే సుమారు ఒక చెంచా. ఊరగాయ, అప్పడం, బేకరీ సరుకులోని ఉప్పు కూడా ఇందులోనిదే. దావత్‌లో ఉప్పు తగ్గితే వంటవాడి పరువు పోతుందని మాకూ తెలుసు. కనీసం ఇంట్లోనైనా తగ్గిద్దాం.

వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవమన్నప్పుడు, "ఆడవాళ్ళం ఎక్కడ నడవాలి?" అని ఒక తల్లి అడిగింది. పార్కు లేని ఇరుకు గల్లీలో ఆ ప్రశ్న సబబైనదే. నడిచే చోటు కోసం అర్జీ పెట్టడం కూడా ఆరోగ్య రక్షణే. 30 ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. హైదరాబాదు బస్తీ దవాఖానాల్లో అవి ఉచితం. ఎవరి దయా కాదు, అడిగి చేయించుకుందాం.

రంజాన్‌లో మాత్రలు ఆపేసేవారూ ఉన్నారు. నెల మొదలయ్యే ముందే వైద్యుణ్ణి కలిస్తే, సహెరీకి, ఇఫ్తార్‌కు అనుగుణంగా వేళలు మార్చే వీలుందో లేదో ఆయనే చెబుతారు.

మూతి ఒకపక్కకు వంగినా, చేయి పడిపోయినా, మాట తడబడినా మసాజుకో, నాటుమందుకో పోవద్దు. నోట్లో నీళ్ళు కూడా పోయవద్దు. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజెక్షను తగినవారికి సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. లక్షణం మొదలైన సమయం రాసిపెట్టుకోండి. వైద్యుడు ముందుగా అడిగేవాటిలో అదొకటి.