ఉప్పు – సమాధానము



మార్కు సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని దారిలో వాదించుకొన్నారు. ఆ అధ్యాయం చివర, 50వ వచనంలో, ప్రభువు ఉప్పును గూర్చి చెప్పి, ఒకరితో ఒకరు సమాధానంగా ఉండమన్నాడు. ఉప్పుకూ సమాధానానికీ సంబంధమేమిటి?

మొన్న వేసవిలో మా తోబుట్టువులం ఐదుగురం అమ్మ జ్ఞాపకార్థ కూటానికి అల్లూరులో కలిశాం. మరునాడు ఆటోలో ఇస్కపల్లి సముద్రం చూడబోయాం. ఇంటి భాగం విషయమై పెద్దన్నకూ చిన్నన్నకూ మూడేండ్లుగా మాటలు లేవు. అక్కడ ఉప్పు మళ్లు చూశాం. సముద్రపు నీటిని మళ్లలో కట్టి, రోజుల తరబడి ఎండనిస్తేనే ఉప్పు పేరుకుంటుంది. ఒక్క వానకు కరిగిపోతుంది.

పెద్దన్న అది చూచి, "ఒరే, అమ్మ మనల్ని పెంచింది గూడా ఇట్లానే గదరా" అన్నాడు. చిన్నన్న జవాబు చెప్పలేదు గాని, తిరుగుదారిలో అన్న పక్కనే కూర్చున్నాడు. భాగం ఇంకా తెగలేదు. మాట మాత్రం కలిసింది.

ప్రియులారా, ఆస్తి తగవు తీరేదాకా పలకరింపు ఆపవద్దు. వాన రాకమునుపే ఉప్పు ఎత్తుకోవాలి. తోబుట్టువులు బ్రతికి యుండగానే సమాధానపడాలి. ప్రభువు మీకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.