వర్షాకాలానికి ముందే ఫ్లూ టీకా
(ఢిల్లీ, బేర్ సరాయ్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరాయ్ అనగా బాటసారులు బస చేయు సత్రము. ఈ బేర్ సరాయ్ అద్దె గదులలో నేటికీ దూరప్రాంతాల విద్యార్థులు కిక్కిరిసి నివసిస్తున్నారు. ఒక గదిలో దగ్గు మొదలైతే పక్క గదికి పాకుటకు ఎంతో కాలం పట్టదు. మన పనిచోట్లు కూడా ఇటువంటివే. టికెట్టు కౌంటరు, రన్నింగ్ రూము, ఆర్.ఎమ్.ఎస్. సార్టింగు హాలు, పోస్ట్‌మాన్ తిరుగు వీధి, వీటిలో ఎక్కడా మనిషికి మనిషి దూరంగా ఉండుట సాధ్యం కాదు.

1918 జూన్‌లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి, రైలు మార్గాల వెంట దేశమంతటా వ్యాపించినది. కోటికి పైగా ప్రజలను అది బలిగొన్నది. 2009 మే నెలలో హెచ్1ఎన్1 మన దేశంలో మొదటగా బయటపడినది హైదరాబాదులో, విమానంలో దిగిన ఒక ప్రయాణికునిలో. రాకపోకలున్న చోటికే ఈ వ్యాధి ముందుగా చేరును. ఆ రాకపోకలను నడుపువారము మనమే. 1918లో మన పూర్వికులకు టీకా లేదు. మనకు ఉన్నది.

నిరుడు వేయించుకున్నాము, మళ్లీ ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఫ్లూ వైరస్ తరచుగా రూపు మార్చుకొనును. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను, టీకాలో ఏ రకాలు ఉండవలెనో నిర్ణయించుచున్నది. అదిగాక, టీకా ఇచ్చు రక్షణ కొన్ని నెలలకు సన్నగిల్లును.

ఢిల్లీలో ఫ్లూ ప్రధానంగా జులై నుండి సెప్టెంబరు వరకు విజృంభించి, చలికాలంలో మరల తల ఎత్తును. రక్షణ ఏర్పడుటకు సుమారు రెండు వారాలు పట్టును. కాబట్టి ఏప్రిల్, మే నెలలలోనే వేయించుకొనుట మేలు. వృద్ధులు, గర్భిణులు, చిన్న పిల్లలు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు అశ్రద్ధ చేయరాదు. ఆరు నెలలు నిండని శిశువుకు ఈ టీకా వేయరు. ఇంట్లోని పెద్దలు వేయించుకొనుటయే ఆ శిశువుకు రక్ష.

సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, వాపు రావచ్చును. కొందరికి ఒకటి రెండు రోజులు స్వల్ప జ్వరం, ఒళ్లునొప్పులు ఉండును. ఇది చూసి టీకాయే ఫ్లూ తెచ్చినదని భ్రమపడరాదు. సూదితో వేయు టీకాలో బతికిన వైరస్ ఉండదు. వేయించుకొన్న తరువాత అరగంట అక్కడే కూర్చొనవలెను. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా వెంటనే డాక్టరుకు చెప్పవలెను. లోగడ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ఆ సంగతి ముందే తెలుపవలెను. తీవ్ర జ్వరం ఉన్నవారు తగ్గిన తరువాత రావలెను.

ఈ టీకా ప్రతి జలుబును ఆపదు. వైరస్‌కు సరిపడిన సంవత్సరాలలో సైతం, డాక్టరు వద్దకు పోవలసినంత జబ్బును 40 నుండి 60 శాతం వరకు తగ్గించును. టీకా వేసినా జబ్బు పడినవారిలో తీవ్రత తక్కువగా ఉండును. ఇంతకు మించి వాగ్దానం చేయుట నిజాయితీ కాదు.

ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. సొంత జేబు నుండి నలుగురైదుగురి కుటుంబానికి ఏటేటా వేయించుట చిన్న జీతగానికి భారమే. సెలవు దొరకక జ్వరంతోనే డ్యూటీకి వచ్చు ఉద్యోగి తోటివారికీ, ప్రజలకూ జబ్బు పంచుచున్నాడు. ఇందులో అతని తప్పు లేదు. కావున మన కోరికలు రెండు. ప్రతి రైల్వే ఆసుపత్రిలోను, సి.జి.హెచ్.ఎస్. కేంద్రంలోను ఉద్యోగికీ, కుటుంబానికీ, పింఛనుదారునికీ ఈ టీకా ప్రతి వేసవిలో ఉచితంగా వేయవలెను. జ్వరం వచ్చినవారికి అభ్యంతరం లేకుండా సెలవు మంజూరు చేయవలెను.

ఈ కోరికలు సాధించువరకు టీకాను వాయిదా వేయవద్దు. ప్రతి శాఖా కార్యదర్శి మార్చి నెలలోనే వృద్ధుల, దీర్ఘరోగుల పేర్లు సేకరించి, వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవలెను. పేర్ల జాబితా చేతిలో ఉన్న సంఘం మాటకు బలం ఉండును.