గొంతు కింద వాపును అశ్రద్ధ చేయకండి

(అరకులోయ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో నర్సులు చేసిన ప్రసంగ పాఠం)



పశువుల ఆరోగ్యం గురించి వినే ఈ సమావేశంలో మనుషుల గొంతు గురించి చెప్పమని మమ్మల్ని అడిగారు. ఈ రెండింటికీ సంబంధం ఉంది. దూడ ఒంటిమీద వెంట్రుకలు లేకుండా, గొంతు కింద ఉబ్బుతో, లేవలేక పుడితే తల్లికి అయొడిన్ చాలలేదేమోనని పశువైద్యులు అనుమానిస్తారు. దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపమంటారు. గర్భిణీ స్త్రీకి అదే అయొడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. దూడలోని లోటు పుట్టగానే కనబడుతుంది. బిడ్డలోని లోటు చాలాసార్లు బడికి వెళ్లే వయసుకు గానీ తెలియదు. అప్పటికి చేయి దాటిపోతుంది.

ఈ వాపు ఎందుకు వస్తుంది?

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. ఒంటి వేడిని, గుండె వేగాన్ని, పిల్లల ఎదుగుదలను నడిపే రసం అక్కడే తయారవుతుంది. దానికి అయొడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 మైక్రోగ్రాములు చాలు. 70 ఏళ్ల జీవితానికి లెక్కకట్టినా 4 గ్రాములు దాటదు. కాని కొండవాలు నేలలోని అయొడిన్ ఏటేటా వానకు కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండిన చోళ్లలో, సామల్లో, కూరల్లో అది తక్కువే ఉంటుంది. దొరికిన కాస్తనూ పట్టుకోవడానికి గ్రంథి ఎక్కువ పనిచేసి పెరుగుతుంది. ఇది దేవత కోపం కాదు, ఎవరి పాపమూ కాదు.

"మేము తినేది సముద్రపు ఉప్పే కదా" అని మీలో కొందరు అడుగుతారు. మడుల్లో పండిన మామూలు ఉప్పులో అయొడిన్ దాదాపు ఉండదు. విడిగా కలపాలి. ఈ సంగతిని దేశానికి రుజువు చేసి చూపినవారిలో ముఖ్యుడు మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వి. రామలింగస్వామి గారు. 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఒక భాగానికి మామూలు ఉప్పు, మిగిలిన భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు అందించి చూశారు. కొన్నేళ్లకు అయొడిన్ ఉప్పు తిన్న చోట వాపులు బాగా తగ్గాయి. 1962లో మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది.

మేము ఎలా గుర్తిస్తాము?

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఒక గుక్క నీళ్లు మింగమంటాము. మింగినప్పుడు వాపు పైకి కదిలితే అది థైరాయిడ్‌ది కావచ్చు. తరువాత కొన్ని ప్రశ్నలు వేస్తాము. నీరసం, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, బహిష్టు ఎక్కువ కావడం ఉంటే గ్రంథి మందగించి ఉండవచ్చు. బాగా తింటున్నా చిక్కిపోవడం, గుండె దడ, చేతుల వణుకు, కళ్లు ఉబ్బడం ఉంటే అది అతిగా పనిచేస్తూ ఉండవచ్చు. వాపు లేకుండా కూడా ఈ జబ్బులు వస్తాయి. తేల్చేది రక్తపరీక్షే. పసిబిడ్డ ఎప్పుడూ మగతగా ఉండి పాలు సరిగా తాగకపోయినా, పసిరికలు చాలాకాలం తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. వాపు గట్టిగా త్వరగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

మా పొరపాటు ఒకటి

గ్రంథి మందగించిన ఒక అక్కకు డాక్టరుగారు మాత్రలు రాశారు. "పొద్దున్నే వేసుకో" అని చెప్పి మేము పంపించాము. నెలలు గడిచినా నీరసం తగ్గలేదు, రక్తపరీక్షా మెరుగుపడలేదు. మాత్ర మానేస్తోందేమోనని మేము ఆమెను కసిరాము కూడా. చివరకు ఎలా వేసుకుంటున్నావని అడిగితే, "పాలు పితికి వచ్చి, బలంగా ఉంటుందని గ్లాసెడు పాలతో వేసుకుంటున్నానమ్మా" అంది. పాలలోని కాల్షియం ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. తప్పు ఆమెది కాదు, మాది. పాలు పితికే ఇంటికి ఆ మాట ముందే చెప్పవలసింది. అందుకే మీకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. ఈ మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోండి. టీకి, టిఫినుకి ముందు అరగంట నుంచి గంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉంచండి. కడుపుతో ఉన్నవారు డాక్టరును అడగకుండా మాత్ర మానకూడదు. ఆ నెలల్లో మోతాదు పెంచవలసి రావచ్చు.

ఇంట్లో చేయవలసినవి

సంతలో విడి గల్లుప్పు కాక అయొడిన్ ఉప్పు ప్యాకెట్టు కొనండి. మూతగల డబ్బాలో, పొయ్యికి దూరంగా, చెమ్మ తగలకుండా ఉంచండి. కూర దించే ముందు వేయండి. పరీక్ష మందు చుక్క వేస్తే అయొడిన్ ఉన్న ఉప్పు ఊదారంగుకు తిరుగుతుంది. చిటికెడు ఉప్పు పొట్లం కట్టి ఆశా కార్యకర్తకు చూపించండి. పిల్లల్లో చిన్న వాపులు క్రమంగా తగ్గుతాయి. పెద్దవారిలో ముదిరిన వాపు ఉప్పుతో కరగదు. దానికి డాక్టరు కావాలి.

పాలలో నీళ్లు కలిశాయో లేదో మీ సంఘంలో రోజూ చూస్తారు. ఈ వారం ఇంటి ఉప్పులో అయొడిన్ కలిసిందో లేదో కూడా చూడండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో, కూతురో ఉంటే ఆ పని రేపే చేయండి.