నరికిన చెరకునకు ఎండ చేయు హాని



మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. 1937లో బోధనున చక్కెర కార్ఖానా నెలకొనెను. చెరకు పండించువారికి నాటినుండియు తెలిసిన సంగతియే: కోతనాటి బరువు కాటానాడు నిలువదు.

ఎండలో పడియున్న గడ నీరు కోల్పోవును; ఈ నష్టము మీది. అంతకుమించిన నష్టము కంటికి కానరాదు. గడలోని చక్కెర విడిపోయి, సులభముగా గింజకట్టని చక్కెరలుగా మారును. నరికిన కొనలనుండి సూక్ష్మజీవులు చొచ్చి రసమును జిగటపరచును. అట్టి రసము కార్ఖానాలో త్వరగా తేరదు, వడపోతకు లొంగదు. పాకము గింజకట్టుట ఆలస్యమై, మడ్డిలోనికి పోవు చక్కెర అధికమగును. సున్నపుపాలు ఎంత నేర్పుతో కలిపినను పోయిన చక్కెర తిరిగిరాదు. మీ బెల్లపు పొయ్యివద్దను ఇదియే గదా: నిలువచెరకు పాకము అచ్చున గట్టిపడదు.

కావున పర్మిటు చేతికి రానిదే కత్తి పట్టకుడు. 24 గంటలలో గానుగ చేరునట్లు బండ్లు ముందే కుదుర్చుకొనుడు. కార్ఖానా వాకిట బండ్లబారు మీ చేతిలోనిది కాదు. కోతదినము మీ చేతిలోనిదే. నిలుపక తప్పనిచో గడలను నీడను పేర్చి, ఆకు కప్పి, నీరు చల్లుడు. ఆకు కాల్చి నరికిన చెరకు మరింత వేగముగా చెడును; దానిని మొదట తోలుడు.