రహదారి యెక్కడ ముగియును?

నేను సికింద్రాబాదున నలువది యేండ్లు బాలురకు వ్యాకరణము బోధించి విరమించినవాడను. బాటల సంగతి నా విద్య కాదు. అయినను గడచిన వర్షాకాలమున మా వీధి పెద్దబాటలో గలియుచోట నొక గుంత పడినది. పాలకై పోవుచున్న మా పొరుగింటి ముసలమ్మ దానిలో బడి తుంటియెముక విరుగగొట్టుకొన్నది. గుంత పూడ్పింపుడని నేనొక కార్యాలయమున కేగితిని. “అది రాష్ట్రరహదారి, మాకు సంబంధము లేదు” అనిరి. మరియొక కార్యాలయమున “రాష్ట్రరహదారి మీ వీధికి రాకమునుపే ముగిసినది” అనిరి. నాటినుండి యీ ప్రశ్న నన్ను విడువకున్నది.

ఆ పెద్దబాట రాజీవ్ రహదారి. రాష్ట్రరహదారులలో 1వ సంఖ్య గలది. హైదరాబాదునుండి శామీర్‌పేట, సిద్దిపేట, కరీంనగరముల మీదుగా రామగుండమునకు బోవును. దాని నగరపు కొన యెక్కడనో చూతమని మనుమని వెంటబెట్టుకొని బయలుదేరితిని. కిలోమీటరు రాతికి తలభాగము పచ్చనిదైన రాష్ట్రరహదారి, పసుపైన జాతీయరహదారి. నగరము సమీపించుకొలది పచ్చరాళ్లు కానరావయ్యెను. ఒక పలక రహదారి పేరు చెప్పును. కొంత దూరమునకే వేరొక పలక పేట పేరు మాత్రము చెప్పును. ప్యారడైజు కూడలిలో నడిగిన నొకడు “ఇక్కడే మొదలు” అనెను, ఒకడు నవ్వెను.

ఇట్టి చిక్కు మన పెద్దలకు క్రొత్త కాదు. ప్రమాణములు తమలో దాము విరోధించినప్పుడు ఏది బలవత్తరమో జైమిని మహర్షి మీమాంసాసూత్రములలో నారు మెట్లుగా నిర్ణయించెను. శ్రుతి, అనగా సాక్షాత్తుగా జెప్పినమాట, మొదటిది. లింగము, అనగా గుర్తు, రెండవది. సమాఖ్య, అనగా పేరు, కడపటిది, మిక్కిలి దుర్బలము. మన బాటకును ఇదియే న్యాయము. జనులు పిలుచు పేరు సమాఖ్య. రాయియు పలకయు లింగములు. గెజెటులో బ్రకటించిన ప్రభుత్వపు టుత్తరువు శ్రుతి. పలక పాతబడవచ్చును, లారీ తగిలి పడవచ్చును. ఉత్తరువు మరియొక యుత్తరువుచేతనే మారును.

ఈ యూరు 1806లో సికందర్ జా పేరు దాల్చిన సైన్యపు విడిది. బాట యొకటియే యైనను ఇరుప్రక్కల భూమికి యజమానులు పలువురు. ప్యారడైజునుండి శామీర్‌పేటవరకు పైవంతెనబాటకు 2024 మార్చి 7వ తేదీన అల్వాలులో శంకుస్థాపన జరిగినది. రక్షణశాఖ భూములకు కేంద్రపు టనుమతి లభించిన పిదపనే యది సాధ్యమయ్యెను. హద్దు తెలియక యేపనియు జరుగదనుట కిదియే సాక్ష్యము.

కావున శ్రోతలారా, రహదారి యెక్కడ ముగియునని పలకల నడుగకుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద తెలుగుననే యొక దరఖాస్తు వ్రాయుడు. “ఈ స్థలమున బాట యెవరి లెక్కలో నున్నది? మరమ్మతు భారమెవరిది? ఉత్తరువు ప్రతి నిప్పింపుడు” అని యడుగుడు. ఆ సమాచారము తమకడ లేనిచో ఆ కార్యాలయమువారే 5 దినములలో దరఖాస్తును తగినవారికి బంపవలెను. 30 దినములలో సమాధానము రావలెను. “మాకు సంబంధము లేదు” అని త్రిప్పిపంపుట యిచ్చట చెల్లదు.

నా దరఖాస్తు నిన్ననే పంపితిని. ముసలమ్మ యింకను మంచము దిగలేదు. సమాధానము వచ్చువరకు గుంతలో వేపకొమ్మ నాటి యెర్రగుడ్డ కట్టియున్నాము. ఆ దారిని బోవువారు చూచి నడువుడు.